తెలియని పదము – తెలిసిన ఇరుగుపొరుగు

మూడేండ్ల క్రిందట మన కళాశాల నోటీసు బోర్డు మీద ఒక పరీక్షకు సంబంధించిన ప్రకటన అంటించినారు. ఆ పరీక్షను నడిపిన కార్యాలయము పేరు ఇచ్చట అవసరము లేదు. ఆంగ్లములో నున్న ఆ ప్రకటనలో రెండు వాక్యములు ఇట్లున్నవి: "ది ఎగ్జామినేషన్ ఫీ ఈజ్ వేవ్డ్ ఫర్ క్యాండిడేట్స్ హూజ్ పేరెంట్స్ ఎర్న్ లెస్ దాన్ ది ప్రిస్క్రైబ్డ్ లిమిట్. ఆల్ అదర్స్ షల్ పే బిఫోర్ ది లాస్ట్ డేట్." ద్వితీయ సంవత్సరము చదువుచున్న ఒక విద్యార్థిని దీనిని రెండు మారులు చదివి, దరఖాస్తు పెట్టకుండ ఇంటికి వెళ్ళిపోయినది. గడువు దాటిన తరువాత మేము విచారింపగా, "ఫీజు అల లెక్క లేచిందనుకున్న సార్. ఇంట్ల అడగబుద్ధి కాలేదు" అని చెప్పినది.

వేవ్ అనగా అల యని ఆమె చిన్నతరగతులలో నేర్చుకొన్నది. ఆ మాటయే ఇచ్చటను ఉన్నదనుకొన్నది. ప్రకటనలోని పదమునకు స్పెల్లింగులో ఒక అక్షరము ఎక్కువ ఉన్న సంగతి ఆమె గమనింపలేదు. గమనించినను ఆ పదము ఆమె ఎరిగినది కాదు. ఫీజు మాఫీ అయినదని చెప్పు ప్రకటనను ఫీజు పెరిగినదని చెప్పు ప్రకటనగా చదువుకొని, ఆ సంవత్సరము ఆమె పరీక్షకు దూరమైనది.

ఇందులో మమ్ము ఎక్కువ బాధించిన విషయము మరొకటి. ఆమెకు కావలసిన సమాధానము ఆ పదమునకు నాలుగడుగుల దూరములోనే ఉన్నది. 'మిగిలిన వారందరు చెల్లింపవలెను' అని రెండవ వాక్యము చెప్పుచున్నది. మిగిలినవారు చెల్లింపవలెనన్నచో మొదట చెప్పినవారు చెల్లింపనక్కరలేదనియే గదా అర్థము! 'ఆల్', 'అదర్స్', 'పే' అను మూడు మాటలును ఆమెకు తెలియును. తెలియని మాట దగ్గర మనస్సు ఆగిపోయినందున తెలిసిన మాటలు పనికి రాకుండ పోయినవి. ఇక మా సంగతి చెప్పవలెనన్న, మేమును ఆ బోర్డు ముందు నుండి ప్రతిదినము నడచినవారమే. ఆ ప్రకటన అర్థమైనదా యని ఏ ఒక్క విద్యార్థిని పిలిచి అడిగినవారము కాము.

ఈ వ్యాసమును వ్రాయుచున్న మే మిద్దరమును ఆంగ్లమును బోధించువారము. ఒకరము ఉర్దూ మాధ్యమములోను, ఒకరము తెలుగు మాధ్యమములోను పదవ తరగతి వరకు చదివి, కళాశాలలో అడుగిడిన పిదప ఆంగ్లముతో కుస్తీ పట్టినాము. ఆ కుస్తీలో మాకు నేర్పబడిన పట్టు ఒక్కటే: తెలియని మాట కనబడగానే నిఘంటువు తెరచుట. ఒకరి బల్ల మీద శంకరనారాయణ గారి ఇంగ్లీషు–తెలుగు నిఘంటువు, మరొకరి బల్ల మీద మౌల్వీ అబ్దుల్ హఖ్ గారి ఆధ్వర్యమున 1937లో వెలువడిన ఇంగ్లీషు–ఉర్దూ నిఘంటువు. రెండును గొప్ప గ్రంథములే. కాని పేజీకి ఇరువది మారులు వాటిని తెరచుచు పోగా, పేజీ చివరకు వచ్చునప్పటికి మొదటి వాక్యములో ఏమున్నదో మరచిపోయెడి వారము. ఇప్పుడు విద్యార్థుల చేతిలోని ఫోనులోనే నిఘంటువున్నది. తెరచుట సులభమైనది, మరచుటయు అంతే సులభమైనది.

నిఘంటువును చూడవద్దని మా అభిప్రాయము కాదు. నిఘంటువు చూచుటకు ముందు చేయవలసిన పని ఒకటి ఉన్నదని, దానిని మనము చేయుట లేదని చెప్పదలచినాము. ఆ పని ఏమనగా, తెలియని పదము చుట్టునున్న తెలిసిన పదములను ప్రశ్నించుట. ఊరికి క్రొత్తగా వచ్చిన మనిషిని గూర్చి తెలిసికొనవలెనన్న, అతడు ఎవరి ఇంట దిగినాడో, ఎవరితో మాటలాడుచున్నాడో, ఏ పని మీద వచ్చినాడో చూతుము. పదము విషయములోను అంతే.

ఈ ఆలోచన పడమటి నుండి వచ్చినదని విద్యార్థులు అనుకొనవచ్చును. కాదు. పదమునకు అర్థము మనకెట్లు తెలియుచున్నదన్న ప్రశ్నకు మన న్యాయశాస్త్రము ఎనిమిది మార్గములు చెప్పినది. 17వ శతాబ్దమునకు చెందిన విశ్వనాథుని న్యాయసిద్ధాంతముక్తావళిలో ఇవి వరుసగా వివరింపబడినవి: వ్యాకరణము, ఉపమానము, కోశము, ఆప్తవాక్యము, వ్యవహారము, వాక్యశేషము, వివృతి, సిద్ధపద సాన్నిధ్యము. కోశము, అనగా నిఘంటువు, ఎనిమిదింటిలో ఒక్కటి మాత్రమే యని గమనింపుడు. ఆప్తవాక్యమనగా తెలిసినవారు చెప్పిన మాట. అది గురువుగారి వంతు. వ్యవహారమనగా పెద్దలు మాటలాడుకొనుచుండగా, పనులు చేయుచుండగా చూచి పిల్లలు నేర్చుకొనుట. మిగిలినవానిలో అధికభాగము నేడు ఆంగ్ల పాఠ్యపుస్తకములలో సందర్భ సూచనలని చెప్పబడుచున్నవే.

వాక్యశేషమునకు వారిచ్చిన ఉదాహరణము చాల చక్కనిది. యజ్ఞమునకు 'యవ'లతో చరువు వండవలెనని ఒక విధి ఉన్నది. యవ యనగా కొందరికి ఒక ధాన్యము, మరికొందరికి మరొక ధాన్యము. ఏది గ్రహింపవలెను? అదే ప్రకరణములో తరువాత, తక్కిన పైరులు వాడిపోవు కాలమున ఇవి నిండుగా నిలచియుండునని ఉన్నది. కావున అట్లు నిలచియుండు ధాన్యమే యవలని తేల్చినారు. మా విద్యార్థినికి 'ఆల్ అదర్స్ షల్ పే' అన్న వాక్యము చేయవలసిన సహాయము సరిగ్గా ఇదియే. సిద్ధపద సాన్నిధ్యమనగా తెలిసిన పదము ప్రక్కన ఉండుట. మామిడిచెట్టు మీద పికము తీయగా కూయుచున్నదన్నచో, పికమనగా ఎరుగనివాడు సైతము కోకిల యని పోల్చుకొనును. మామిడిచెట్టు, తీపి, కూత – ఈ మూడును సాక్ష్యము చెప్పినవి. పికమన్న పదము పరభాషల వారి నుండి వచ్చినదని మీమాంసకులే అంగీకరించుట ఇచ్చట ఒక విశేషము. పరాయి పదమును ఇరుగుపొరుగు చూచి గుర్తించుట ఆనాటి నుండియే ఉన్నదన్న మాట.

ఉర్దూ చదువుకొన్నవారికి ఇదే సంగతి మరొక పేరుతో తెలియును. వ్యాఖ్యానములలో 'సియాఖ్ ఓ సబాఖ్' అన్న మాట తరచుగా వచ్చును. ఒక మాటకు ముందు ఏమున్నది, వెనుక ఏమున్నది అని చూచుట దాని భావము. అలంకారశాస్త్రములో 'ఖరీనా' యన్న పారిభాషిక పదమున్నది. వక్త ఉద్దేశించిన అర్థమును చూపు గుర్తు అది. ఖరీన్ యనగా తోడుగా ఉండువాడు, చెలికాడు. తోడున్నదే జాడ చూపునన్న భావము ఆ రెండు మాటల చుట్టరికములోనే ఉన్నది. మన కళాశాలలో ఈ రెండు సంప్రదాయముల పిల్లలును ఒకే బల్ల మీద కూర్చుండి ఆంగ్లము చదువుచున్నారు. అయినను ఇద్దరును ఆంగ్లము దగ్గరకు వచ్చునప్పటికి చేతిలో ఏమియు లేనివారివలె నిలబడుట మాకు విచిత్రముగా తోచును.

ఇక పాఠములోనికి వత్తము. తరగతిలో చదివించుటకై మేము కూర్చిన ఒక చిన్న ఖండిక ఇది. 1908 సెప్టెంబరు 28న మూసీ నది హైదరాబాదు నగరమును ముంచిన సంగతి దాని విషయము. ఈ విభాగములో అంతయు తెలుగు అక్షరములలోనే ముద్రించుచున్నందున ఆంగ్ల వాక్యములను కూడ తెలుగు లిపిలో ఇచ్చుచున్నాము. స్పెల్లింగును విద్యార్థులు తమ నోటు పుస్తకములలో వ్రాసికొని సరిచూచుకొనవలెను.

"ది రివర్ రోజ్ అండ్ ఇనండేటెడ్ ది లో-లైయింగ్ స్ట్రీట్స్, ఈవెన్ ది రూఫ్స్ ఆఫ్ స్మాల్ హౌసెస్ వర్ అండర్ వాటర్. సమ్ పీపుల్ క్లాంబర్డ్ అప్ ఎ టామరిండ్ ట్రీ అండ్ హెల్డ్ ఆన్ టు ఇట్స్ బ్రాంచెస్. వెన్ ది వాటర్ రిసీడెడ్, ది స్ట్రీట్స్ కుడ్ బి సీన్ అగైన్, బట్ దే లే అండర్ ఎ థిక్ లేయర్ ఆఫ్ సిల్ట్. ది వాటర్ ఇన్ ది వెల్స్ వజ్ నో లాంగర్ పోటబుల్, అండ్ విమెన్ హాడ్ టు వాక్ ఫార్ టు ఫెచ్ డ్రింకింగ్ వాటర్."

ఇందులో చింతచెట్టు మేము కల్పించినది కాదు. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో నున్న ఆ చెట్టు కొమ్మలు పట్టుకొని సుమారు 150 మంది ప్రాణములు దక్కించుకొన్నారని నగరములో నేటికిని చెప్పుకొందురు. తరగతిలో ఈ వాక్యము రాగానే, ఆ చెట్టును చూచినవారు ఒకరిద్దరు తప్పక చేతులెత్తుదురు.

'ఇనండేటెడ్' అన్న పదము మా తరగతిలో ఎవరికిని తెలియదు. నది పెరిగినది, వీధులను ఏమో చేసినది, పైకప్పులు సైతము నీటి క్రిందనున్నవి. ఏమి చేసియుండును? ముంచినది. ఎవరును నిఘంటువు తెరవకుండనే నలుబది మందియు ఒక్క కంఠముతో చెప్పినారు. 'క్లాంబర్డ్' మరింత సులభము. తరువాతి చిన్న మాట 'అప్', ఆ తరువాత చెట్టు. చెట్టు మీదికి మనిషి చేయునది ఎక్కుట గాక మరేమున్నది? అయితే ఇచ్చట ఒక విద్యార్థి అడిగిన ప్రశ్న మాకు నచ్చినది. "క్లైంబ్ అనక ఈ మాట ఎందుకు వాడినట్లు?" అని అతడు అడిగినాడు. కాళ్ళును చేతులును ఉపయోగించి, తడబడుచు, కష్టపడి ఎక్కుటకు ఆ మాట వాడుదురు. సందర్భము 'ఎక్కుట' వరకు తీసికొనిపోయినది. ఆ మీది సూక్ష్మమును నిఘంటువు చెప్పినది. ఎవరి పని వారిదే.

'సిల్ట్' దగ్గర తరగతి రెండుగా చీలినది. బురద యని కొందరు, చెత్త యని కొందరు. వెనుక బల్ల నుండి ఒకరు మంచు అనిరి, తక్కినవారు నవ్విరి. మేము నవ్వక, మంచు ఎందుకు కాదో చెప్పుమంటిమి. హైదరాబాదులో, సెప్టెంబరులో, వరద తరువాత మంచెక్కడిదని అతడే సవరించుకొన్నాడు. మనకు ముందుగానే ఉన్న లోకజ్ఞానము కూడ సందర్భములో భాగమేనని ఇట్లు తేలినది. 'లేయర్ ఆఫ్' తరువాత వచ్చినది కావున అది పొరగా పరచుకొనగల పదార్థము కావలెను. ఇది వ్యాకరణము ఇచ్చు సాక్ష్యము. నది విడిచిపోయినది కావున మట్టి వంటిది కావలెను. ఇంతవరకు వచ్చినచో చాలును. తరువాత నిఘంటువు చూడగా, కృష్ణా గోదావరి తీరముల రైతులు ఒండ్రు అని పిలుచునదే ఇది యని తెలిసినది. సగము అర్థము తెలిసి ముందుకు సాగుట తప్పు కాదు. సంపూర్ణముగా తెలిసినగాని కదలనని మొండికేయుటయే మన విద్యార్థుల వేగమును చంపుచున్నది.

ఇక 'పోటబుల్'. దీనిని గూర్చి కొంచెము విస్తరముగా చెప్పవలెను. ఒక చురుకైన విద్యార్థి లేచి, "పాట్ అనగా కుండ, ఏబుల్ అనగా తగిన, కాబట్టి కుండలో పోయదగిన నీరు" అని చెప్పినాడు. తరగతి అంతయు మెచ్చుకొన్నది. మేమును ఒక క్షణము తబ్బిబ్బైనాము. ఏలనన, అతని తప్పు దారి దాదాపు సరియైన ఇంటికే చేరినది. నిజమునకు ఆ పదము త్రాగుట యను అర్థముగల లాటిన్ ధాతువు నుండి వచ్చినది. కుండతో దానికి సంబంధము లేదు. వాక్యము చివరి వరకు చదివియుండినచో, స్త్రీలు 'డ్రింకింగ్ వాటర్' కొరకు దూరము నడచినారన్న మాటయే అతనికి సరియైన అర్థమును చేతిలో పెట్టియుండెడిది. బావిలో నీరున్నది, అయినను త్రాగునీటికై నడచుచున్నారు. కావున ఆ నీరు త్రాగదగినది కాదు. పదము రూపమును చూచి ఊహించుటకును, చుట్టునున్న వాక్యమును చూచి ఊహించుటకును గల భేదము ఇదియే. కుండ ఊహ ఈసారి ఒడ్డు చేరినది. అల ఊహ మా విద్యార్థినిని ముంచినది. రెండును ఒకే జాతి ఊహలు.

అట్లని పదమును విడదీసి చూచుట వ్యర్థమని అనుకొనరాదు. ఈ విద్యలో మన పిల్లలు ఆంగ్లేయుల పిల్లల కంటె ముందున్నారని మేము ధైర్యముగా చెప్పగలము. ఉర్దూ విద్యార్థికి కితాబ్, కాతిబ్, మక్తబ్, మక్తూబ్ అను మాటలు ఒకే కుటుంబములోనివని చిన్ననాడే తెలియును. తెలుగు విద్యార్థి ఆహారము, విహారము, సంహారము, ప్రహారము, పరిహారము చదివి, ఒకే ధాతువు ఉపసర్గను బట్టి ఎంత దూరము పోవునో ఎరుగును. ఈ అలవాటుతోనే ఇన్‌స్పెక్టర్, స్పెక్టేటర్, ప్రాస్పెక్టస్, రెట్రోస్పెక్ట్ అన్న మాటలను చూడుడు. చూచుట యన్న అర్థము అన్నిటిలోను తొంగిచూచును. కాని ఆహారము తినునదియు సంహారము చంపునదియు అయినట్లే, ఉపసర్గ మోసము చేయగలదు. 'ఇన్‌విజిబుల్' అనగా కనబడనిది. 'ఇన్‌ఫ్లేమబుల్' అనగా మండనిది కావలెను గదా? కాదు, సులభముగా మండునది. ఈ పొరపాటు వలన ప్రాణములకే ముప్పు రాగలదని తలచి, ఇరువదవ శతాబ్దములో అగ్నిప్రమాద నివారణ రంగమువారు 'ఫ్లేమబుల్' అన్న రూపమునే వాడుమని ప్రోత్సహించినారు. కావున మా క్రమము ఇది: మొదట వాక్యము చివరి వరకు చదువుట, పిదప ముందు వెనుకల వాక్యములు, ఆ పిదప పదములోని భాగములు, చివరకు నిఘంటువు. మన పిల్లలు దీనిని సరిగ్గా తలక్రిందులుగా చేయుచున్నారు.

తెలిసిన పదముల వలన కలుగు చిక్కు మరొక విధమైనది. తెలుగులోను ఉర్దూలోను కలిసిపోయిన ఆంగ్ల పదములు మన యింటివై, ఒక్కొక్క అర్థముతో స్థిరపడినవి. అడ్రస్ అనగా మనకు చిరునామా. 'ది మినిస్టర్ అడ్రెస్డ్ ది గేదరింగ్' అన్న వాక్యమును ఒక జవాబు పత్రములో 'మంత్రిగారు సభ చిరునామా వ్రాసినారు' అని చూచితిమి. బ్యాంకు అనగా డబ్బుండు చోటు. నది ఒడ్డు కాదు. 'అప్లికేషన్స్ రిసీవ్డ్ లేట్ విల్ నాట్ బి ఎంటర్టైన్డ్' అన్నచో, ఆలస్యముగా వచ్చిన దరఖాస్తులకు వినోదము ఉండదని ఒకరు అనువదించినారు. హాస్యమునకు చేసినదేమో యనుకొంటిమి, కాదని తేలినది. ఈ పదములలో ఏదియు కఠినము కాదు. విద్యార్థి వీటిని నిఘంటువులో చూడడు. తనకు తెలియుననియే తలచును. వాక్యమునకు అతకని అర్థము వచ్చినప్పుడు అనుమానము కలుగవలెను. అతుకుట లేదన్న ఆ అనుమానమే ఇచ్చట మొదటి మెట్టు. ప్రాచీనులు దీనికి సైంధవము కథ చెప్పుదురు. సైంధవమనగా ఉప్పు, గుఱ్ఱము రెండును. భోజనమునకు కూర్చున్నవాడు సైంధవము తెమ్మన్న, గుఱ్ఱమును తెచ్చి విస్తరి ముందు నిలబెట్టరాదు.

ఈ పద్ధతికి హద్దులున్నవని కూడ చెప్పుట న్యాయము. 'హీ వజ్ ఎ టాసిటర్న్ మ్యాన్' అని ఒక్క వాక్యమే ఉన్నచో, టాసిటర్న్ అనగా పొడుగరియో, కోపిష్ఠియో, మితభాషియో ఏ ఋషియు చెప్పలేడు. అట్టి చోట ఊహించుట గుడ్డెద్దు చేలో పడుటయే. పదములు మరీ ఎక్కువగా తెలియకపోయినను ఊహ పని చేయదు. హూ, నేషన్ అను పరిశోధకులు 2000లో ప్రకటించిన అధ్యయనమును బట్టి, ఇతరుల సహాయము లేకుండ ఒక కథను చక్కగా గ్రహించుటకు నూటికి 98 పదములు ముందే తెలిసియుండవలెను. అనగా ఏబది పదములకు ఒకటి తెలియకున్న ఫరవాలేదు. పది పదములకు ఒకటి తెలియకున్న ఇరుగుపొరుగు కూడ అపరిచితులే యగుదురు. బీదరికము చేత గాక తొందర చేత కఠినమైన పుస్తకములను ఎత్తుకొను విద్యార్థులు ఈ లెక్కను గుర్తుంచుకొనవలెను. మైకేల్ వెస్ట్ అను ఆంగ్ల విద్యావేత్త ఢాకాలో పనిచేయుచు బెంగాలీ పిల్లల కష్టమును కండ్లార చూచి, తేలిక పదములతో వాచకములు కూర్చినాడు. 1953లో ఆయన సంపాదకత్వమున వెలువడిన పదపట్టికలో సుమారు 2000 పదములున్నవి. మొదట అట్టి పదములు గట్టిపడవలెను. అవియే సాక్షులు, సాక్షులు లేని విచారణ సాగదు.

మరొక నిరాశ కలిగించు లెక్క కలదు. చదువుచు పోగా ఎదురైన తెలియని పదములలో సగటున నూటికి 15 మాత్రమే పాఠకునికి అబ్బునని, ఇరువది పరిశోధనలను సమీక్షించి 1999లో స్వాన్‌బార్న్, డి గ్లాపర్ అను ఇద్దరు పండితులు తేల్చినారు. ఇది చూచి కొందరు అధ్యాపకులు ఈ పద్ధతియే దండుగ యందురు. మేము అట్లు తలచుట లేదు. నిఘంటువులో చూచి వ్రాసికొన్న పదములలో మరునాటికి మాకు ఎన్ని మిగిలినవో మేమెరుగుదుము. పైగా ఒకసారి కలిసిన మనిషి ముఖము గుర్తుండదు. నాలుగు చోట్ల కలిసిన మనిషి స్నేహితుడగును. పదమును నాలుగు చోట్ల కలియవలెనన్న చాల చదువవలెను. చాల చదువుటకు పుస్తకములు కావలెను.

ఇచ్చట మా మనవి కళాశాల కమిటీ పెద్దలకు. మన పఠన మందిరములో ఉర్దూ, తెలుగు పత్రికలు చాలినన్ని వచ్చుచున్నవి. అది సంతోషకరమైన విషయమే. ఆంగ్లములో నున్నవి మాత్రము పరీక్షల గైడులును, ఎవరికిని కొరుకుడుపడని పెద్ద గ్రంథములును. ఈ రెండింటికి నడుమ ఉండవలసినవి, అనగా తేలికగా వ్రాయబడిన కథలు, జీవిత చరిత్రలు, సంక్షిప్త నవలలు, దాదాపు లేవు. ఖరీదైన నిఘంటువు ఒకటి కొనుటకు బదులు ఆ ధనముతో ఇట్టి చిన్న పుస్తకములు తెప్పించినచో ఎక్కువ మేలని మా నమ్మకము. రెండవది, ఫీజులకు, ఉపకార వేతనములకు, పరీక్షలకు సంబంధించిన ప్రకటన ఏ భాషలో వచ్చినను దాని సారాంశమును ఉర్దూలోను తెలుగులోను వ్రాసి ప్రక్కన అంటింపవలెను. దీనికి ఖర్చు రెండు కాగితములు. 'ఆంగ్లము రావలెనన్న ఆంగ్లములోనే చదువుకొననిండు' అని ఒక మాట వినబడుచున్నది. తరగతిలో ఆ మాటను మేమును అందుము. కాని డబ్బు, ఆరోగ్యము, గడువు – ఈ మూడింటిని అభ్యాసమునకు వాడుకొనరాదు. మందుసీసా మీది మాటను సందర్భమును బట్టి ఊహింపుమని మే మెన్నడును చెప్పము. అచ్చట ఊహించిన తరువాత కూడ అడిగి తెలిసికొనుటయే పద్ధతి.

ఆ విద్యార్థిని మరుసటి సంవత్సరము ఫీజు మాఫీతోనే ఆ పరీక్ష వ్రాసినది. ఇప్పుడు తరగతిలో క్రొత్త పదము వచ్చినప్పుడు, "ముందు పక్క వాక్యం జూడుండ్రి" అని తక్కినవారికి చెప్పునది ఆమెయే.

అభ్యాసము కొరకు నాలుగు వాక్యములు ఇచ్చుచున్నాము. ప్రతి దానిలోను ఒక పదము అర్థము వ్రాయవలెను. ఏ మాటలను బట్టి అట్లు ఊహించినారో తప్పక చెప్పవలెను. కారణము లేని జవాబు సరియైనదైనను మేము అంగీకరింపము.

మొదటిది: "దో హీ అర్న్డ్ వెల్, మై అంకుల్ వజ్ ఫ్రూగల్, హీ మెండెడ్ హిజ్ ఓన్ షూస్ అండ్ రోట్ ఆన్ బోత్ సైడ్స్ ఆఫ్ ఎవ్రీ షీట్ ఆఫ్ పేపర్." ఇందులో ఫ్రూగల్ అనగా నేమి? రెండవది: "వెన్ చీప్ క్యాలిక్యులేటర్స్ కేమ్ టు ది మార్కెట్, ది స్లైడ్ రూల్ బికేమ్ ఆబ్సలీట్, అండ్ నో స్టూడెంట్ బాట్ వన్ ఎనీ మోర్." ఇందులో ఆబ్సలీట్. మూడవది: "నథింగ్ కుడ్ బ్రింగ్ బ్యాక్ ది లాస్ట్ క్రాప్, బట్ ది హెల్ప్ ఆఫ్ ది నైబర్స్ డిడ్ మిటిగేట్ ది ఫార్మర్స్ సారో." ఇందులో మిటిగేట్. నాలుగవది: "ది క్లర్క్ హూ కేమ్ టు అవర్ హౌస్ దట్ డే వజ్ ఎ గ్యారులస్ మ్యాన్." ఇందులో గ్యారులస్.

ఈ నాలుగింటిలో ఒకదానికి ఆ వాక్యము చాలదు. అది ఏదో కనిపెట్టి, దానికెదురుగా 'ఈ వాక్యమును బట్టి చెప్పలేము' అని వ్రాసినవారికే ఆ మార్కు దక్కును. జవాబులు ఉర్దూలోనైనను, తెలుగులోనైనను, ఆంగ్లములోనైనను వ్రాసి, గ్రంథాలయము బల్ల మీద ఆంగ్ల శాఖ పేర ఉంచిన నోటు పుస్తకములో చేర్పవచ్చును.